అచ్చు చెప్పే చరిత్ర: బస్తర్ నళ రాజుల బంగారు నాణెములు

1939వ సంవత్సరంలో అప్పటి బస్తర్ సంస్థానానికి చెందిన కొండగావ్ తహశీలులోని ఎడెంగా గ్రామంలో 32 బంగారు నాణెములు లభించినవి. వాటిలో 29 నాణెములపై వరాహరాజు పేరును, రెండింటిపై అర్థపతి పేరును, ఒక దానిపై భవదత్తుని పేరును ఉన్నవి. నాగపూర్‌కు చెందిన సుప్రసిద్ధ శాసన పరిశోధకులు వాసుదేవ విష్ణు మిరాశీ ఈ నాణెములను పరిశీలించి, ఇవి నళ వంశపు రాజులవని నిర్ణయించిరి. ఆయన వ్యాసము అదే సంవత్సరము భారతీయ నాణక పరిషత్తు పత్రిక తొలి సంపుటములోనే వెలువడినది.

నైషధ చరిత్రకు నాయకుడైన నళ చక్రవర్తి తమ మూలపురుషుడని చెప్పుకొన్న ఈ వంశము క్రీ.శ. 5, 6 శతాబ్దులలో నేటి బస్తర్, కోరాపుట్ ప్రాంతములను ఏలినది. భవదత్తుని తామ్రశాసనము మహారాష్ట్రలోని అమరావతి జిల్లా రిద్ధపూర్‌లో దొరకినది. అర్థపతి శాసనము ఒడిశాలోని కేసరిబేడలో లభించినది. భవదత్తుని కుమారుడు స్కందవర్మ శత్రువుల వలన పాడుపడిన పుష్కరి నగరమును తిరిగి నిలిపెనని పోడాగఢ్ శిలాశాసనము తెలుపుచున్నది. కాని వరాహరాజు పేరు ఏ శాసనములోను కానరాదు. అతడొక రాజని, నళ వంశమువాడని మనకు తెలియుట కేవలము ఆ పలుచని బంగారు రేకుల వలననే. ఒక రాజు ఉనికికి నాణెమే ఏకైక సాక్షి అయినప్పుడు, ఆ సాక్షిని ప్రశ్నించు పద్ధతి ఎంతో జాగ్రత్తతో కూడినదై ఉండవలెను. నాణెములను ముద్రించిన అచ్చులను, అవి తయారైన టంకశాలలను గుర్తించు విద్య అట్టి పద్ధతులలో ముఖ్యమైనది.

రకము, ఉపరకము, అచ్చు

నాణెములను చూచు సామాన్యుడు వాటిపై ఉన్న బొమ్మను, పేరును మాత్రమే గమనించును. ఒకే బొమ్మ, ఒకే పేరు ఉన్న నాణెములు అతని దృష్టిలో అన్నియు ఒకటే. పరిశోధకుడు మాత్రము మూడు మెట్లుగా విభజించి చూచును.

మొదటి మెట్టు రకము. నళుల నాణెములపై చుక్కల వలయము నడుమ కుడివైపునకు తిరిగి కూర్చున్న మూపురపు ఎద్దు, దానికి పైభాగమున నెలవంక, క్రింద ఒక అడ్డగీత, ఆ గీతకు దిగువ రాజు పేరు ఉండును. ఈ కూర్పు అంతయు ఒక రకము. రెండవ మెట్టు ఉపరకము. పరిమాణములో తేడా, అక్షరముల కూర్పులో తేడా, అదనపు చిహ్నము మొదలైనవి ముద్రణాధికారులు ఉద్దేశపూర్వకముగా చేసిన మార్పులైనచో అవి ఉపరకములు. మూడవ మెట్టు అచ్చు. ఒకే నమూనాను చూచి ఒకే శిల్పి రెండు అచ్చులు చెక్కినను అవి ముమ్మూర్తులా ఒకటి కానేరవు. ఒక అచ్చులో నెలవంక కొన మూపురమునకు సూటిగా ఉండును. మరొకదానిలో అది కొంచెము ముందుకు జరుగును. ఒక దానిలో చుక్క అక్షరము తలపై ఉండును. వేరొకదానిలో రెండక్షరముల నడుమ పడును. ఈ తేడాలు ఎవరును కోరి చేసినవి కావు. కావుననే అవి నమ్మదగినవి.

ఈ భేదమును గ్రహించుటకు కొండగావ్ ప్రాంతమే చక్కని ఉదాహరణము నిచ్చుచున్నది. అచ్చటి ఘడవా శిల్పులు మైనము కరగించు పద్ధతిలో చేయు లోహపు బొమ్మలు దేశవిదేశములలో ప్రసిద్ధములు. మైనపు దారములతో బొమ్మను తీర్చి, దానిపై మట్టి పూసి, మైనమును కరగించి, ఆ ఖాళీలో లోహమును పోయుదురు. బొమ్మ వెలికి రావలెనన్న మట్టి మూసను పగులగొట్టక తప్పదు. ఒక్కొక్క మూసకు ఒక్కొక్క బొమ్మయే. ఏ రెండు బొమ్మలును అచ్చముగా ఒకటి కావు. నాణెపు అచ్చు ఇందుకు విరుద్ధము. అది గట్టి లోహముతో చేసినది. ఒకే అచ్చు అనేక నాణెములకు తల్లి. కావున రెండు నాణెములు ఒకే అచ్చునకు పుట్టినవని రుజువైనచో, అవి ఒకే టంకశాలలో, ఇంచుమించు ఒకే కాలములో తయారైనవని చెప్పవచ్చును.

రోమన్ నాణెములు నేర్పిన పాఠము

అచ్చులను, టంకశాలలను గుర్తించు శాస్త్రము బాగుగా పెరిగినది చివరికాలపు రోమన్ చక్రవర్తుల నాణెముల అధ్యయనములో. క్రీ.శ. 294 ప్రాంతమున డయోక్లీషియన్ చక్రవర్తి నాణెముల వ్యవస్థను సంస్కరించెను. విశాల సామ్రాజ్యములో ట్రియర్, లియాన్, సిస్కియా, థెస్సలొనీకా, ఆంటియోక్, అలెగ్జాండ్రియా మున్నగు నగరములలోని టంకశాలలు ఒకే నమూనా నాణెములను ముద్రించుచుండెను. తూకములో లోపమున్నచో బాధ్యులెవరో తెలియవలెను గదా! అందులకై నాణెము వెనుకవైపున బొమ్మకు దిగువ గీత గీచి, ఆ గీత క్రింద నగరము పేరులోని తొలి అక్షరములను చెక్కు ఆచారము స్థిరపడినది. ఎ-ఎన్-టి అను అక్షరములు ఆంటియోక్ నగరమునకు, ఎ-ఎల్-ఇ అను అక్షరములు అలెగ్జాండ్రియాకు గుర్తు. ఒక్కొక్క టంకశాలలో పలు పనిశాలలు ఉండెడివి. పశ్చిమమున లాటిన్ సంఖ్యాపదముల మొదటి అక్షరములు, తూర్పున గ్రీకు అక్షరములు ఆ పనిశాల సంఖ్యను తెలుపుచుండెను.

కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ప్రవేశపెట్టిన సాలిడస్ అను బంగారు నాణెము ఒక రోమన్ పౌను బంగారమునకు 72 చొప్పున, ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాముల తూకముతో తయారయ్యెను. తరువాతి సాలిడస్‌లపై సి-ఓ-ఎన్-ఓ-బి అను అక్షరములు కనబడును. మొదటి మూడక్షరములు కాన్‌స్టాంటినోపుల్ నగరమును, చివరి రెండక్షరములు మేలిమి బంగారమును సూచించును. గ్రీకు సంఖ్యాపద్ధతిలో ఆ రెండక్షరముల విలువ 72 అగుట కూడ గమనింపదగినది.

అయితే గుర్తు ఒక్కటే చాలదని రోమన్ నాణెములే హెచ్చరించినవి. రాజధాని గుర్తునకు గల పేరు ప్రతిష్ఠల వలన ఇతర నగరముల టంకశాలలును, కొన్నియెడల అనుకర్తలును దానినే వాడిరి. దక్షిణ భారతమున దొరకిన చివరికాలపు రోమన్ బంగారు నాణెములలో స్థానికముగా తయారైన అనుకరణలు కూడ కలవు. వాటిపై అక్షరములు అర్థరహితములైన గీతలుగా మారినవి. అట్టి అనుకరణలలో కొన్ని ఒకే అచ్చునకు చెందినవని తేలినపుడు, అవి రోమ్ నుండి వచ్చినవి కావని, ఇచ్చటి కంసాలి పనితనమని నిశ్చయింప వీలగును. గుర్తు చెప్పినదానిని అచ్చు సమర్థింపవలెను. రెండును ఏకీభవించినప్పుడే నిర్ణయము దృఢమగును.

రోమన్ నాణెములు తెలుగువారికి క్రొత్తవి కావు. నాగార్జునకొండ త్రవ్వకములలో రోమన్ బంగారు నాణెములు లభించినవి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరకిన నిధిలో 1531 రోమన్ వెండి నాణెములు ఉండెను. పరమేశ్వరీలాల్ గుప్త ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణెములపై రచించిన గ్రంథము 1965లో ప్రకటితమైనది.

రేకుపై ఉబ్బిన ఎద్దు

రోమన్ నాణెమునకును, నళుల నాణెమునకును తయారీలోనే భేదము కలదు. రోమన్ టంకశాలలో దళసరి లోహపు బిళ్ళను రెండు అచ్చుల నడుమ నుంచి సుత్తితో కొట్టెడివారు. కావున దానికి రెండు ముఖములు. నళుల నాణెము పలుచని బంగారు రేకు. బొమ్మ ఒకే వైపున ఉబ్బెత్తుగా ఉండును. వెనుకవైపున అదే బొమ్మ పల్లముగా కనిపించును. కంసాలులు రేకుపై చేయు నకాషీ పని వంటిదే ఇది.

రేకుపై బొమ్మను ఉబ్బించుటకు రెండు మార్గములు కలవు. ఉబ్బెత్తుగా చెక్కిన అచ్చును, లక్క వంటి మెత్తని ఆధారముపై పరచిన రేకునకు వెనుకనుండి అదుముట ఒకటి. పల్లముగా చెక్కిన అచ్చుపై రేకును పరచి, పైనుండి మెత్తని వస్తువుతో లోనికి నొక్కుట రెండవది. మొదటి మార్గములో అచ్చుపై అక్షరములను సరిగా చదువుకొను తీరుననే చెక్కవలెను, రెండవ మార్గములో మాత్రము అద్దములో కనబడునట్లు త్రిప్పి చెక్కవలెను. ఈ రెంటిలో ఏది వాడిరో తెలుసుకొనుటకు ఒక సూత్రమున్నది: అచ్చు తాకిన ముఖమే మిక్కిలి స్పష్టముగా ఉండును. వెనుకటి పల్లములో గీతలు పదునుగా ఉండి, ముందరి ఉబ్బు మొద్దుబారినట్లున్నచో మొదటి మార్గము. ముందరి ముఖమే పదునుగా ఉన్నచో రెండవది. కావుననే ఇట్టి నాణెముల వెనుకవైపు ఖాళీగా ఉన్నదని వదలివేయక, దానిని కూడ ఛాయాచిత్రము తీయించుట అవసరము.

మన దేశములో మూడవ విధానము కూడ ఉండెడిది. అది మట్టి మూసలలో కరగిన లోహమును పోసి నాణెములను పోత పోయుట. రోహ్‌తక్‌లోని ఖోఖ్రాకోట్‌లో దొరకిన మట్టి మూసలను ప్రఖ్యాత వృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని పరిశోధించి 1945లో గ్రంథము ప్రకటించెను. మెదక్ ప్రాంతమున కొండాపూర్ త్రవ్వకములలోను ఇట్టి మూసలు బయటపడినవి. వృక్షముల శిలాజములను పరిశీలించిన కన్నే నాణెపు మూసలను కూడ పరిశీలించినది. సూక్ష్మ పరిశీలనకు శాస్త్రముల మధ్య ఎల్లలు లేవనుటకు ఇది నిదర్శనము.

పోల్చు పద్ధతి

అచ్చులను పోల్చుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. మంచి భూతద్దము, ఒకే కొలతలో, ఒకే దిశ నుండి పడు వెలుతురులో తీసిన ఛాయాచిత్రములు, ఓర్పు ఉన్న చాలును.

మొదట గమనింపవలసినవి ఆకారములు కావు, స్థానములు. ఎద్దు కొమ్ము పొడవు అరుగుదల వలన మారినట్లు కనబడవచ్చును. కాని కొమ్ము కొన నుండి నెలవంకకు గీత గీచిన, ఆ గీత వలయములోని ఏ చుక్కను తాకునో అది అచ్చు ఉన్నంతకాలము మారదు. అట్లే 'శ్రీ' అక్షరము అడ్డగీతకు ఎంత దూరమున ఉన్నది, చివరి అక్షరము చుక్కల వలయమును తాకుచున్నదా, ఎద్దు ముందరి కాలు ఏ అక్షరమునకు సూటిగా ఉన్నది అను అంశములను పట్టికగా వ్రాసికొనవలెను. నళుల నాణెములపై ఉన్నది పేటికా శీర్ష లిపి. అనగా ప్రతి అక్షరము తలపైన చిన్న పెట్టె వంటి చతురము ఉండును. వాకాటకుల శాసనములలో కనబడు లిపియు ఇదియే. ఈ చతురముల పరిమాణము, వాలు చెక్కిన చేతిని బట్టి మారును గనుక ఇవి మంచి ఆనవాళ్ళు.

రెండవది అచ్చు వయస్సు. వాడుకలో అచ్చునకు బీటలు పడును, అంచులు విరుగును. బీట లేని నాణెము ముందరిది, సన్నని బీట ఉన్నది తరువాతది, బీట పెరిగినది ఇంకను తరువాతది. ఈ విధముగా తేదీ లేని నాణెములకు కూడ వరుసక్రమము ఏర్పడును. రెండు ముఖములు గల నాణెములలో మరొక సౌకర్యమున్నది. ఒక ముఖపు అచ్చు అరిగి క్రొత్తది వచ్చినను రెండవ ముఖపు అచ్చు కొనసాగును. అట్లు ఒకదానికొకటి ముడిపడి గొలుసు వలె సాగును. ఒకే ముఖము గల నళుల నాణెములలో ఇట్టి గొలుసు లేదు. అందువలన అచ్చు బీటలకు, నాణెములు దొరకిన తావులకు ఇచ్చట ప్రాధాన్యము ఎక్కువ.

మూడవది అచ్చునకు చెందని లోపములను వేరుపరచుట. ముద్రించునపుడు రేకు జరిగి బొమ్మ రెండుసార్లు పడుట, త్రాడు గ్రుచ్చుటకు రంధ్రము చేయుట, మడతలు, గీతలు, సొట్టలు ఒక్కొక్క నాణెమునకు ప్రత్యేకముగా కలిగిన ఘటనలు. అవి రెండు నాణెములలో ఒకే తీరున ఉండుటకు అవకాశము లేదు. ఉన్నచో అనుమానింపవలెను. ఒకే అచ్చు లక్షణములు రెండు నాణెములలో కనబడిన అది చుట్టరికము. ఒకే గీత, ఒకే సొట్ట రెండు నాణెములలో కనబడిన అది మోసము. ఒక అసలు నాణెమును నమూనాగా పెట్టి దానినుండి మూస తీసినప్పుడు, దాని గాయములు కూడ నకలునకు సంక్రమించును.

సంఖ్యలు చెప్పునది, చెప్పనిది

ఎడెంగా నిధిలో 29 నాణెములు వరాహరాజువి కాగా భవదత్తునిది ఒక్కటే. అంతమాత్రమున వరాహరాజు భవదత్తునికంటె గొప్పవాడనిగాని, ఎక్కువ కాలము ఏలినాడనిగాని చెప్పవచ్చునా? చెప్పరాదు. నిధి అనునది ఒక వ్యక్తి ఒకనాడు దాచిన సొమ్ము. అది దేశములోని చలామణికి పూర్తి లెక్క కాదు. వాకాటకుల రాజధానియైన నందివర్ధనము నుండి దానశాసనము వెలువరించిన భవదత్తుడు అల్పుడని నాణెముల సంఖ్యను బట్టి తలచుట పొరపాటగును.

ఇట్టియెడ అచ్చుల లెక్క ఉపకరించును. ఒక రాజువి 20 నాణెములు పరిశీలించినప్పుడు 18 వేరు వేరు అచ్చులు తేలినవనుకొందము. అనగా మనము చూడని అచ్చులు ఇంకను చాల ఉండవచ్చునని, ముద్రణ విస్తారముగా జరిగెనని అర్థము. అవే 20 నాణెములు మూడు అచ్చులకే చెందినవని తేలినచో, ఉన్న అచ్చులనన్నిటిని ఇంచుమించు చూచినట్లే. పైగా అవి టంకశాల నుండి వెలువడిన పిదప ఎక్కువ చేతులు మారక ఒకేచోట దాచబడి ఉండవచ్చును. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. దళసరి బిళ్ళను కొట్టు అచ్చు త్వరగా అరుగును. పలుచని మేలిమి రేకును అదుము అచ్చు ఎక్కువ కాలము నిలుచును. కావున రోమన్ అచ్చులకు చెప్పిన లెక్కలను నళుల అచ్చులకు యథాతథముగా అన్వయింపరాదు.

కాలక్రమ విషయములోను ఇంతే. లిపి స్వరూపమును బట్టి వరాహరాజు మిగిలిన ఇద్దరికంటె పూర్వుడని పలువురు పండితుల అభిప్రాయము. లిపి పరిణామము తరములతో మెల్లగా సాగును. అచ్చు చెక్కిన శిల్పి చేయి అంతకంటె సన్నిహిత సాక్ష్యము నీయగలదు. ఒకే శిల్పి వ్రాత ఇద్దరు రాజుల నాణెములపై గుర్తింపబడినచో, ఆ ఇరువురి నడుమ ఎక్కువ కాలము గడవలేదని చెప్ప వీలగును. దుర్గ్ జిల్లా కులియాలో లభించిన నిధి వలన నందనరాజు, స్తంభుడు అను మరి రెండు పేర్లు వెలుగులోనికి వచ్చినవి. రాజుల జాబితా పెరిగిన కొలది వారి వరుసను నిర్ణయించు పని మరింత సూక్ష్మమగుచున్నది.

టంకశాల గుర్తులు మనకు లేవా?

నళుల నాణెములపై నగరము పేరు లేదు. కాని వారి ఇరుగు పొరుగైన శరభపురీయుల నాణెములను ఇచ్చట పోల్చుట ఉపయుక్తము. రాయపూర్ ప్రాంతమున ఖైర్‌తాల్, పితాయిబంధ్ మున్నగు తావులలో దొరకిన మహేంద్రాదిత్యుని నాణెములును ఉబ్బెత్తు పద్ధతిలో చేసిన ఒంటి ముఖపు బంగారు రేకులే. వాటిపై రెక్కలు చాచిన గరుడుడు, శంఖచక్రములు, పేటికా శీర్ష లిపిలో రాజు పేరు ఉండును. పేరునకు దిగువ ఒంటి అక్షరము, చుక్కల గుంపు కూడ కనిపించును. ఇవి టంకశాల గుర్తులా, ముద్రణాధికారి గుర్తులా, విడుదల సంఖ్యలా? ఒకే అక్షరము గల నాణెములు ఒకే అచ్చుల సమూహమునకు చెంది, ఒకే ప్రాంతమున ఎక్కువగా దొరకినచో టంకశాల గుర్తను వాదమునకు బలము చేకూరును. వేరు వేరు అక్షరములు ఒకే శిల్పి చేతిలో కనబడి, నాణెములు అన్నిచోట్ల కలసియున్నచో విడుదల గుర్తను వాదము బలపడును. రోమన్ నాణెములపై అభ్యసించిన తర్కము ఛత్తీస్‌గఢ్ నాణెములకు ఈ విధముగా అక్కరకు వచ్చుచున్నది.

ఎద్దు నళుల శైవాభిమానమునకు, గరుడుడు శరభపురీయుల వైష్ణవాభిమానమునకు సూచకములు. అయినను ఇరువురి పనితనము ఒక్కటే, లిపి ఒక్కటే. రాజులు వేరైనను కంసాలుల విద్య ఎల్లలు దాటి ప్రవహించినది.

కాపాడవలసిన సాక్ష్యము

ఈ శాస్త్రమంతయు ఒక్క విషయముపై ఆధారపడి ఉన్నది. నిధి చెదరక పరిశోధకుని చేతికి అందవలెను. బంగారు నాణెమునకు గల పెద్ద శత్రువు దాని బంగారమే. పొలములో దొరకిన రేకులు కొలిమిలో కరగినచో బంగారము మిగులును గాని రాజు మిగులడు. పంచుకొనుట వలన చెదరిన నిధిలో ఒక్కొక్క నాణెము బ్రతికి ఉన్నను, ఏది దేనితో దొరకినదను సాక్ష్యము నశించును. ఎడెంగాలోని 29 నాణెములు ఎవరికిని తెలియక కరగిపోయి ఉన్నచో, వరాహరాజను పేరు ఎడెంగాతోనే అంతరించి ఉండెడిది.

ఇందులకై 1878లోనే నిధి నిక్షేపముల చట్టము చేయబడినది. పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపము దొరకినవారు, అది ఏమి, ఎంత, ఎచ్చట, ఎన్నడు దొరకినది కలెక్టరునకు వ్రాతమూలకముగా తెలుపవలెను. ప్రభుత్వము దానిని సేకరింపదలచినచో, లోహపు విలువకు అందులో ఐదవ వంతు చేర్చి చెల్లించు ఏర్పాటును ఆ చట్టములో కలదు. దొరకిన నాణెములను తోమి మెరుగుపెట్టుట కూడ హానికరమే. తోమినపుడు పోవునది మురికి మాత్రమే కాదు. అచ్చు బీట, అక్షరపు పెట్టె అంచు, చుక్క గుండ్రదనము కూడ పోవును.

కొండగావ్ ప్రాంతమున గఢ్ ధనోరా ఇటుక ఆలయములు, భోంగాపాల్‌లోని బౌద్ధ చైత్యపు శిథిలములు ఆ నాటి జీవితమునకు గుర్తులుగా నిలిచియున్నవి. అరణ్యముల నడుమనున్నను బస్తర్ ఏనాడును ఒంటరి సీమ కాదు. నళుల పేరు మహారాష్ట్ర, ఒడిశా శాసనములలో కలదు. చాళుక్య కీర్తివర్మ నళులను ఓడించిన వృత్తాంతము 634 నాటి ఐహోళె శాసనములో కలదు. కర్నూలు, బళ్ళారి ప్రాంతములలో నళవాడి అను విషయము ఉండెనని చాళుక్య శాసనములు తెలుపుచున్నవి. తరువాతి కాలమున బస్తర్‌లోని బారసూరులో తెలుగు శాసనము చెక్కబడినది. నేడు నాలుగైదు రాష్ట్రముల పాఠ్యపుస్తకములలో వేరు వేరు అధ్యాయములుగా ఉన్న చరిత్ర ఒకప్పుడు ఒకే దారుల వెంట నడచినది.

ఆ దారుల వెంట సాగిన వ్యాపారులు, సైనికులు, యాత్రికులు తమ పేర్లను వ్రాసి పోలేదు. అచ్చు చెక్కిన శిల్పి కూడ వ్రాయలేదు. కాని నెలవంకను కొంచెము ముందుకు జరిపిన అతని చేతి వాలు పదిహేను శతాబ్దుల తరువాత కూడ గుర్తింపదగినదై ఉన్నది. రెండు నాణెములను ప్రక్కప్రక్కన పెట్టి చుక్కలు లెక్కించు విద్యార్థి ఆ అజ్ఞాత శిల్పి పనిని చదువుచున్నాడు. రాజుల వరుసను సరిచూచు ఆధారము ఆ లెక్కలోనే లభించును.